శాంతి, సుస్థిరత, అంతరిక్ష విధానం: పరిశోధన పేపర్లు రాసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలోని ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, ఏర్పేడు వైపున్న ఐఐటీ, ఐసర్, చిత్తూరు చుట్టుపక్కల కాలేజీలు. వీటన్నిటి నుంచి వచ్చే రీసెర్చ్ స్కాలర్లు మమ్మల్ని అడిగే ప్రశ్నలు కొంచెం అటూ ఇటూగా ఇవే. శాస్త్రాల మధ్య గోడ దాటి రాయాలనుకునేవాళ్ళ కోసం వాటిని ఒకచోట పెట్టాం. పేపర్ ఎక్కడ పంపాలన్న తొందరలో ఉన్నవాళ్ళు కూడా మొదటి నాలుగు ప్రశ్నలూ దాటేయకుండా చదవండి. పేపర్ తిరిగొచ్చేది ఎక్కువగా అక్కడి తప్పుల వల్లే.

శాంతి, సుస్థిరత, అంతరిక్ష విధానం: ఇంత పెద్ద సబ్జెక్టులు మూడూ ఒకే పేపర్లో ఎలా ఇముడుతాయి?

ఇమడవు. ఇమిడ్చే ప్రయత్నం చేయకండి. పేపర్‌కు కావలసింది ఒక్క ప్రశ్న. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే మూడు సబ్జెక్టులూ దారిలో తగలాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 2007లో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని 850 కిలోమీటర్లకు పైన ఎత్తులో క్షిపణితో పేల్చింది. 3 వేలకు పైగా ముక్కలు లెక్కకొచ్చాయి, వాటిలో చాలావరకు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 2019 మార్చి 27న మన దేశం మిషన్ శక్తి పేరుతో అదే పని దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తులో చేసింది. అక్కడ గాలి ఒరిపిడి ఎక్కువ కాబట్టి చాలా ముక్కలు కొన్ని నెలల్లోనే కిందికి వచ్చి కాలిపోయాయి. కొన్ని మాత్రం పైకి ఎగిరి ఎక్కువ కాలం మిగిలాయి. 2022 డిసెంబరులో ఇలాంటి విధ్వంసక పరీక్షలు మానుకోవాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానం చేస్తే 155 దేశాలు ఔనన్నాయి. భారత్ ఎటూ ఓటు వేయలేదు.

ఇప్పుడు ప్రశ్న వేసుకోండి: పరీక్ష ఎంత ఎత్తులో చేయాలో పరిమితి పెడితే సరిపోతుందా, మొత్తానికే మానాలా? ముక్క ఎన్నాళ్ళు తిరుగుతుందో ఫిజిక్స్ చెప్పాలి. రేపు ఆ కక్ష్య ఎవరికి పనికొస్తుందన్నది సుస్థిరత. ఒకరు పరీక్షిస్తే పక్కవాడు ఊరుకుంటాడా అన్నది శాంతి అధ్యయనం. ఓటు ఎందుకు వేయలేదన్నది విధానం. ప్రశ్న ఒకటే, దాన్ని వదలకుండా పట్టుకుంటే చాలు.

నాది పొలిటికల్ సైన్స్. రాకెట్ల గురించి రాయడానికి నాకు అర్హత ఉందా?

ఉంది. రాకెట్ ఇంజిన్ గురించి రాయకండి, అంతే. ఏ లెక్క మీ వాదనకు ఆధారమో ఆ ఒక్క లెక్కను మాత్రం పూర్తిగా అర్థం చేసుకోండి. చేతకాకపోతే ఆ సబ్జెక్టు మనిషిని సహ రచయితగా తెచ్చుకోండి. తిరుపతిలో అది కష్టం కాదు. ఒక బస్సు ఎక్కితే ఐఐటీ, ఇంకో బస్సు ఎక్కితే గాదంకి వాతావరణ పరిశోధన కేంద్రం. అయినా మనవాళ్ళు ఢిల్లీ సెమినార్‌లో కలిసి విజిటింగ్ కార్డులు మార్చుకుంటారు గానీ ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఒకరి డిపార్ట్‌మెంట్ గడప ఇంకొకరు తొక్కరు.

ఇంజినీరింగ్ వాళ్ళకూ ఇదే మాట. మీరు సిమ్యులేషన్ చేసి, చివరి పేరాలో 'కాబట్టి దేశాలన్నీ సహకరించుకోవాలి' అని రాస్తే అది విధాన పేపర్ అయిపోదు. ఏ దేశం, ఏ ఒప్పందం కింద, ఏ సంస్థ ద్వారా, ఎవరి ఖర్చుతో? అది రాయలేకపోతే ఆ వాక్యం తీసేయండి.

మా ప్రాంతం నుంచి అంతర్జాతీయ జర్నల్‌కు పనికొచ్చే టాపిక్ ఏముంటుంది?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా మాకు ఆశ్చర్యం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోనే ఉంది. దేశం పంపే ఉపగ్రహాలు ఎగిరే చోటు మన జిల్లా అయితే, మనవాళ్ళు అంగారకుడి మీద కాలనీల నైతికత గురించి పేపర్ రాస్తామంటారు. నేల విడిచి సాము అంటే అదే.

ఒక్క విషయం కాస్త లోతుగా చూద్దాం. 1978 జనవరిలో అణు రియాక్టర్ ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడా ఉత్తర ప్రాంతంలో పడింది. కెనడా 60 లక్షల డాలర్లకు పైగా అడిగింది. 1981లో 30 లక్షల కెనడా డాలర్ల దగ్గర పరిష్కారం కుదిరింది. అలా అడగడానికి 1972 నాటి బాధ్యతా ఒప్పందం ఒకటి ఆధారం. అంతరిక్షం నుంచి ఏదైనా నేల మీద పడి నష్టం జరిగితే ప్రయోగించిన దేశం పరిహారం ఇవ్వాలి, తప్పు ఎవరిదన్న చర్చ లేదు.

అయితే అదే ఒప్పందం 7వ అధికరణం చదవండి. ప్రయోగించిన దేశం సొంత పౌరులకు జరిగిన నష్టానికి ఇది వర్తించదు. అంటే రాకెట్ ముక్క పరాయి దేశపు పొలంలో పడితే అంతర్జాతీయ చట్టం ఉంది. సూళ్ళూరుపేట వైపు మత్స్యకారుడి పడవ మీద పడితే అది మన దేశ చట్టం చూసుకోవాల్సిన విషయం. మనకు అంతరిక్ష కార్యకలాపాల మీద ప్రత్యేక చట్టం లేదు. 2017లో ముసాయిదా బిల్లు బయటికొచ్చింది గానీ చట్టం కాలేదు. 2023లో వచ్చింది విధాన పత్రం మాత్రమే. ఈలోగా 2022 నవంబరులో స్కైరూట్, 2024 మే నెలలో అగ్నికుల్ అదే శ్రీహరికోట నుంచి ప్రైవేటు రాకెట్లు ఎగరేశాయి. ప్రైవేటు కంపెనీ వల్ల నష్టం జరిగితే ఆ మత్స్యకారుడు ఏ కోర్టుకు, ఏ సెక్షన్ కింద వెళ్ళాలి? లా స్కాలర్‌కు ఇంతకంటే మంచి టాపిక్ కావాలా?

ఇంకా చాలా ఉన్నాయి. ప్రయోగం రోజు సముద్రంలోకి వెళ్ళొద్దని హెచ్చరిక వస్తే పులికాట్ తీరంలో ఆ పూట వేట ఏమవుతుంది? రాకెట్ కేంద్రం పక్కనే ఫ్లెమింగోలు దిగే సరస్సు ఉండటం, మనుషులు మసలని అడవి మిగలడం పర్యావరణానికి మేలా కీడా? శ్రీహరికోట దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు కేంద్రం వచ్చాక ఏమయ్యారు? గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ మూడు దశాబ్దాలుగా పై వాతావరణాన్ని కొలుస్తోంది. ఆ డేటా ఎవరెవరితో, ఏ షరతుల మీద పంచుకుంటున్నారన్నది సైన్సు దౌత్యం మీద ఒక పేపర్‌కు సరిపోతుంది.

శాంతి అంటే యుద్ధం లేకపోవడమే కదా? యానాదుల సంగతి శాంతి జర్నల్లో ఎలా పడుతుంది?

శాంతి అధ్యయనాల్లో 1960ల నుంచీ ఈ చర్చ ఉంది. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ రెండు రకాలుగా విడదీశాడు: దెబ్బలాట లేకపోవడం ఒకటి, అన్యాయం వ్యవస్థలోనే పాతుకుపోకుండా ఉండటం రెండోది. నిర్వాసితుల విషయం రెండో దానిలోకి వస్తుంది. అయితే గాల్టుంగ్ పేరు తలచుకుని రెండు పేరాలు రాసి తర్వాత వదిలేసే పేపర్లు కుప్పలు తెప్పలు. ఆ భావన మీ ఇంటర్వ్యూల్లో దేన్ని వెతకమంది, ఏం దొరికింది అన్నది రాయండి.

డేటా ఎక్కడ దొరుకుతుంది? ఇస్రో వాళ్ళు ఇవ్వరు కదా!

అడక్కుండానే చాలా ఇస్తున్నారు. అంతరిక్షంలో మన ఆస్తులకు ఎన్నిసార్లు ఢీకొనే ముప్పు వచ్చింది, ఎన్నిసార్లు దారి మళ్ళించారు అన్న వివరాలతో ఇస్రో ఏటా ఒక అంచనా నివేదిక వెలువరిస్తోంది. వియన్నాలోని ఐక్యరాజ్యసమితి అంతరిక్ష వ్యవహారాల కార్యాలయం దగ్గర దేశాల ప్రకటనలు, ప్రయోగించిన వస్తువుల రిజిస్టరు ఉచితంగా ఉన్నాయి. పార్లమెంటులో ప్రశ్నలకు మంత్రులిచ్చిన లిఖిత జవాబులు బంగారం లాంటివి, ఎవరూ తిరగేయరు. ఆ తర్వాతే సమాచార హక్కు దరఖాస్తు. భద్రత కారణం చూపి తిరస్కరించే అవకాశం ఉంది కాబట్టి పేపర్ మొత్తాన్ని దాని మీదే ఆధారపెట్టకండి.

మత్స్యకారులతో మాట్లాడాలంటే అనుమతి కావాలా?

మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందుగానే తీసుకోండి, తర్వాత ఇవ్వరు. చాలా జర్నళ్ళు ఆ నంబరు అడుగుతాయి. సమ్మతి పత్రం తెలుగులోనే ఉండాలి, చదవలేనివాళ్ళకు చదివి వినిపించాలి. ఊరు చిన్నదైతే పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగడు. 'రెండు పడవలున్న, కొడుకు కేంద్రంలో కాంట్రాక్టు పని చేసే పెద్దాయన' అంటే ఆ ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది.

ఏ జర్నల్‌కు పంపాలి?

రాయడం మొదలుపెట్టక ముందే తేల్చుకోండి. ఒకే విషయాన్ని ముగ్గురు సంపాదకులు మూడు రకాలుగా అడుగుతారు. 1985 నుంచి వస్తున్న స్పేస్ పాలసీకి విధానం మీద స్పష్టమైన వాదన కావాలి. ఓస్లో నుంచి 1964లో మొదలైన జర్నల్ ఆఫ్ పీస్ రీసెర్చ్‌లో సిద్ధాంతం, పద్ధతి రెండూ గట్టిగా ఉండాలి, అక్కడ లెక్కల పనికి మొగ్గు ఎక్కువ. ఆస్ట్రోపాలిటిక్స్ అంతరిక్ష రాజకీయాలది. మన దేశంలో బెంగళూరు నుంచి 1932 మొదలు వస్తున్న కరెంట్ సైన్స్‌లో సైన్సు విధానం మీద చిన్న వ్యాసాలకూ చోటుంది. మత్స్యకారుల పరిహారం లాంటి విషయానికి ముంబయి నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ సరైన చోటు.

మీరు పంపాలనుకునే జర్నల్ గత రెండేళ్ళ విషయ సూచికలు చదవండి. మీ పేపర్‌లో ఉదహరించినవాటిలో ఆ జర్నల్ వ్యాసం ఒక్కటీ లేదంటే ఆ సంభాషణలోకి మీరు ఇంకా అడుగు పెట్టలేదన్నమాట. పేరులో 'మల్టీడిసిప్లినరీ' అని ఉన్న జర్నల్ అయితే మనకు సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. అన్నీ వేసే చోట మీ పేపర్ చదివే మనిషి ఉండడు.

'7 రోజుల్లో స్కోపస్ పబ్లికేషన్ గ్యారంటీ' అని వాట్సాప్‌లో వస్తోంది. నమ్మొచ్చా?

వద్దు. స్కోపస్ అంటే పరిశోధన జర్నళ్ళను ఎంపిక చేసి చేర్చుకునే డేటాబేస్. ఆ మెసేజ్‌ను ఒకసారి నిదానంగా చదవండి. 'డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్' అని మొదలవుతుంది, మీరేమో పీహెచ్‌డీ మొదటి సంవత్సరం. ఫీజు ముందు, సంపాదకుల పేర్లు ఎక్కడో చివర. డబ్బు ఫోన్ నంబరుకు కొట్టమంటారు. సైన్సు, యోగా, వాణిజ్యం, పశువైద్యం అన్నీ ఒకే సంచికలో. ఏడు రోజుల్లో సమీక్ష ఎవరు చేస్తారు? ఎవరూ చేయరు.

ఇంకో రకం ఇంతకంటే ప్రమాదం: అసలైన జర్నల్ పేరు, దాని ఐఎస్ఎస్ఎన్ గుర్తింపు నంబరు కొట్టేసి నకిలీ సైటు పెడతారు. అందుకే సైటులో రాసుకున్నది కాకుండా స్కోపస్ మూలాల జాబితాలో మీరే వెతకండి, అక్కడి లంకె పట్టుకునే జర్నల్‌కు వెళ్ళండి. జాబితాలోంచి తీసేసిన జర్నళ్ళు కూడా పాత లోగో పెట్టుకునే తిరుగుతుంటాయి, ఏ సంవత్సరం వరకు చేర్చారో చూడండి.

యూజీసీ కేర్ లిస్టులో ఉంటే చాలు కదా?

నమ్మదగిన జర్నళ్ళంటూ ఇచ్చిన ఆ జాబితాను యూజీసీ ఆపేసింది, 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. జర్నల్ మంచి చెడ్డలు విద్యాసంస్థలే తేల్చుకోవాలంది. ఇప్పటికీ 'కేర్ అప్రూవ్డ్' అని గొప్పగా చెప్పుకునే జర్నల్‌ను కాస్త అనుమానించండి. మరో సంగతి, 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు యూజీసీ తీసేసింది. మీ యూనివర్సిటీ సొంత షరతు పెట్టుకుని ఉండొచ్చు, రీసెర్చ్ సెక్షన్‌లో అడగండి. ఆ షరతు ఉందో లేదో తెలుసుకోకుండానే టెన్షన్ పడి నకిలీ జర్నళ్ళకు డబ్బు కట్టేవాళ్ళు ఉన్నారు.

మంచి జర్నళ్ళు కూడా డబ్బు అడుగుతాయి కదా?

కొన్ని అడుగుతాయి. చందా జర్నల్లో రచయిత ఏమీ కట్టక్కర్లేదు, చదివేవాళ్ళు కడతారు. ఓపెన్ యాక్సెస్‌లో పేపర్ అందరికీ ఉచితం, ఖర్చు చాలాసార్లు రచయిత మీద పడుతుంది. పెద్ద ప్రచురణ సంస్థల్లో అది మన స్కాలర్ ఫెలోషిప్‌కు అందని మొత్తం. ఇద్దరి దగ్గరా తీసుకోని జర్నళ్ళూ ఉన్నాయి, వాటిని డైమండ్ అంటారు. డీఓఏజే అనే ఉచిత జాబితాలో ఫీజు లేనివాటిని వేరు చేసి చూసుకోవచ్చు. స్పేస్ పాలసీ లాంటి వాటిలో రెండు దారులూ ఉంటాయి: చందా దారిలో వేయించుకుని, ఆమోదం పొందిన రాతప్రతిని జర్నల్ చెప్పిన గడువు తర్వాత యూనివర్సిటీ భాండాగారంలో పెట్టుకోవచ్చు. ఆ షరతు ముందుగా చదవండి.

చదవడం వరకైతే ఇప్పుడు కొంత తేలిక. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు అందుతున్నాయి. మూడేళ్ళకు 6,000 కోట్లు కేటాయించారు. మీ లైబ్రేరియన్ గారిని కలిసి లాగిన్ అడగండి. ప్రైవేటు కాలేజీ వాళ్ళకు మొదటి విడతలో ఈ సదుపాయం లేదు. మీరు రచయితకే మర్యాదగా మెయిల్ రాస్తే చాలామంది పేపర్ పంపుతారు.

ఇద్దరు సమీక్షకులు ఒకరికొకరు విరుద్ధంగా రాశారు. ఎవరి మాట వినాలి?

రెండు శాస్త్రాల పేపర్‌కు ఇది మామూలే. సంపాదకుడు ఒక ఫిజిక్స్ మనిషికి, ఒక అంతర్జాతీయ సంబంధాల మనిషికి పంపుతాడు. మొదటాయన 'సిద్ధాంతం మరీ ఎక్కువైంది, కుదించండి' అంటాడు. రెండో ఆమె 'సిద్ధాంతం చాలలేదు, పెంచండి' అంటుంది. ఇద్దరినీ సంతోషపెట్టబోతే పేపర్ రెంటికి చెడ్డ రేవడి అవుతుంది.

జవాబు లేఖ ఇలా రాయవచ్చు: 'ఒకటో సమీక్షకులు మూడో భాగం కుదించమన్నారు, రెండో సమీక్షకులు విస్తరించమన్నారు. మా వాదన బాధ్యతా ఒప్పందం 7వ అధికరణం మీద నిలబడింది కాబట్టి దానికి సంబంధించిన చర్చను 2 పేరాలు పెంచాం. దానితో సంబంధం లేని సాధారణ సిద్ధాంత సమీక్షను తీసేశాం. మార్పులు 9, 10 పేజీల్లో ఉన్నాయి.' ఇద్దరి మాటా విన్నట్టు కనిపిస్తుంది, నిర్ణయం మీదని కూడా తెలుస్తుంది, పేజీ నంబరు ఉంది. నిజంగా తేలకపోతే సంపాదకుడికే రాసి ఏది ముఖ్యమో అడగండి. అడగడం తప్పు కాదు. మన స్కాలర్లు అడగడానికి జంకి ఆరు నెలలు నాన్చుతారు.

పేపర్ వారంలోనే తిరిగొచ్చింది. బాగాలేదనేనా?

కాకపోవచ్చు. సమీక్షకు పంపకుండా సంపాదకుడి బల్ల మీద నుంచే తిప్పి పంపేశారంటే సాధారణంగా ఆ జర్నల్ పరిధి కాదని. వెంటనే వేరే చోటికి పంపండి, అయితే ఆ జర్నల్‌కు తగ్గట్టు ముందుమాట, ఉదాహరణలు మార్చాకే. ఒకేసారి రెండు జర్నళ్ళకు మాత్రం ఎప్పుడూ పంపొద్దు.

గైడ్ గారి పేరు మొదట పెట్టాలా? హెచ్ఓడీ గారి పేరు కూడా పెట్టమంటున్నారు.

పని చేసినవాళ్ళ పేర్లే ఉండాలి. ఆలోచనలోనో డేటాలోనో పాలుపంచుకుని, రాతప్రతి చూసి, తేడా వస్తే జవాబు చెప్పడానికి సిద్ధపడినవాళ్ళే రచయితలు. పోస్టును బట్టి పేరు చేరదు, కృతజ్ఞతల్లో చెప్పుకోవచ్చు. ఇది గైడ్‌తో నేరుగా మాట్లాడటం కష్టమని మాకు తెలుసు. చాలా జర్నళ్ళు ఎవరు ఏ పని చేశారో 14 పాత్రల పట్టికలో నింపమంటాయి. పని మొదలైన రోజే 'సార్, జర్నల్ వాళ్ళు ఈ పట్టిక అడుగుతారు, ఇప్పుడే రాసుకుందామా' అనండి. పేచీ అక్కడే సగం తగ్గుతుంది. మరో చిక్కు: ఫిజిక్స్‌లో చివరి పేరు పెద్దాయనది, లాలో అక్షర క్రమం కూడా ఉంటుంది. రెండు శాఖలవాళ్ళు కలిసి రాస్తే వరుస ముందే తేల్చుకోండి.

సహ రచయిత ప్రభుత్వ పరిశోధన సంస్థలో సైంటిస్టు. ఏమైనా ఇబ్బందా?

ఆయన తన సంస్థ అనుమతి తీసుకోవాలి, దానికి సమయం పడుతుంది. సమీక్ష అయ్యాక గుర్తు చేస్తే ఆమోదించిన పేపర్ అక్కడే ఆగిపోతుంది.

సిమిలారిటీ (ఇతరుల రాతతో పోలిక) 10 శాతం దాటకూడదంటారు. ఒప్పందం పాఠం ఉదహరిస్తే పెరిగిపోతోంది.

2018 నాటి యూజీసీ నిబంధనల్లో 10 శాతం వరకు శిక్ష లేదు, 40, 60 దగ్గర మెట్లు ఉన్నాయి. ఉల్లేఖనాలు, సూచికలు మినహాయించి లెక్క వేయాలి. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ అలా ఉందో లేదో చూడండి. శాతం తగ్గించడానికి ఒప్పందంలోని మాటలను సొంత మాటల్లోకి మార్చకండి. చట్టం పేపర్‌లో ఒక్క మాట మారితే అర్థమే మారిపోతుంది.

ఏఐతో ఇంగ్లీషు దిద్దించుకోవచ్చా?

భాష దిద్దుకోవడానికి చాలా జర్నళ్ళు ఒప్పుకుంటాయి, వాడినట్టు చెప్పాలి. ఏఐని రచయితగా చూపకూడదు. ఒప్పందాల అధికరణాలు, తీర్పులు, పేపర్ల పేర్లు అది కల్పించి ఇస్తుంది, చూడ్డానికి అచ్చం నిజంలాగే ఉంటాయి. ప్రతిదీ మూలంలో తెరిచి చూడండి. ఇతరుల పేపర్ మీకు సమీక్షకు వస్తే దాన్ని ఏఐలో పెట్టకండి, అది గోప్యం.

ఇదంతా తెలుగులో రాయకూడదా?

రాయాలి. ఇంగ్లీషు పేపర్ అచ్చయ్యాక దాని సారాంశం తెలుగులో పత్రికకు రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు. యథాతథ అనువాదానికి మాత్రం ప్రచురణ సంస్థ అనుమతి కావాలి, ఓపెన్ యాక్సెస్ పేపరైతే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (ఎలా వాడుకోవచ్చో చెప్పే అనుమతి) ఏ రకమో చూసుకోండి. మత్స్యకారుల మీద రాసినవాళ్ళు ఆ సారాంశం ఒక ప్రతి ఆ ఊరి సంఘానికి కూడా ఇవ్వండి.

ఆర్కిడ్ నంబరు తప్పనిసరా?

చాలా జర్నళ్ళు అడుగుతాయి. ప్రతి పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు ఇది. 16 అంకెలు, ఉచితం, అయిదు నిమిషాల పని. మన ఇంటిపేర్లు ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి పొడి అక్షరాల్లో పడుతుంటాయి కాబట్టి మనకు ఇది మరీ అవసరం. పెళ్ళయ్యాక పేరు మారినవాళ్ళకు ఇంకా.

యూనివర్సిటీ మెయిల్ లేదు. జీమెయిల్‌తో పంపొచ్చా?

పంపొచ్చు. కొందరు సంపాదకులు సంస్థ చిరునామా అడుగుతారు, అప్పుడు గైడ్ గారి మెయిల్‌ను కాపీలో పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం మీ దగ్గరే ఉండాలి, నెట్ సెంటర్ అబ్బాయి దగ్గర కాదు.